మీటరున్నర పాప్లిన్

రాజరాజేశ్వరికి ఎనిమిదో ఏట పట్టుకున్న సందేహం నలభై ఆరేళ్లు వచ్చినా వదల్లేదు. వాళ్ల నాన్న బాపట్ల దగ్గర పల్లెలో అమ్మవారి గుడి అర్చకుడు. శుక్రవారం అభిషేకం అయ్యాక తెర వేసి, పట్టుచీర కట్టే ముందు అమ్మవారికి ఉతికిన తెల్లటి నూలుగుడ్డ ఒకటి బిగించి చుట్టేవాడు. తెర కొస పట్టుకుని నిలబడటం రాజరాజేశ్వరి పని. తెర తీసేసరికి పట్టుచీర, పూలు, నగలు తప్ప ఆ గుడ్డ ఎవరికీ కనిపించేది కాదు.

"ఎవరూ చూడని గుడ్డ అమ్మవారికెందుకు నాన్నా?" అని ఒకసారి అడిగింది.

"అది లేకపోతే పైచీర నిలవదే" అన్నాడాయన కుచ్చిళ్లు సర్దుతూ.

అది బట్టల సంగతి తెలిసినవాడి జవాబులా ఉంది గానీ దేవుడి సంగతి తెలిసినవాడి జవాబులా లేదని ఆ పిల్లకు అనిపించింది. మళ్లీ అడగలేదు. పెళ్లయి తెనాలి వచ్చాక కూడా ప్రతి శుక్రవారం పూజగదిలోని చిన్న విగ్రహానికి ముందు తెల్లగుడ్డ చుట్టి, ఆ తర్వాతే జరీముక్క కట్టేది. ఎందుకో తెలియకుండానే కట్టేది.

2006 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆమె కూతురు హరిచందన ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి మంచం మీద బోర్లించింది. అందులోంచి ముదురు ఎరుపు ముఖమల్ గౌను జారిపడింది. భుజాల దగ్గర, వీపంతా దోమతెర కన్నా పలచని జాలీ. మోకాళ్లు దాటని కుచ్చుల పావడా.

హరిచందనకి ఇరవై ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పటినుంచీ చక్రాల బూట్లు కట్టుకుని సిమెంటు గచ్చు మీద తిరగడం తప్ప వేరే పిచ్చి లేదు. పాటకి తగ్గట్టు గిరగిరా తిరుగుతుంది, గాల్లోకి ఎగిరి ఒంటికాలి మీద దిగుతుంది. వచ్చే ఆదివారం బాపట్లలో కాలేజీ పిల్లలకి పోటీ. అందులో గెలిస్తే విశాఖపట్నం పంపిస్తారు. చదువయ్యే లోపల మళ్లీ ఇలాంటి అవకాశం రాదని కోచ్ చెప్పాడు. ఆ గౌను ఒక సీనియర్ అమ్మాయి ఇచ్చింది.

"మిగతా బట్ట ఏదే?" అంది రాజరాజేశ్వరి.

"ఇంతేనమ్మా."

"వీపు?"

"జాలీ ఉందిగా."

"జాలీ ఉందని నువ్వు చెప్తే తెలిసింది."

హరిచందన గౌను తొడుక్కొచ్చింది. లోపల మామూలుగా వేసుకునే బాడీ పట్టీలు రెండూ జాలీ కింద తెల్లగా, ముగ్గు గీతల్లా కనిపిస్తున్నాయి. వీపు మధ్య కొక్కాలు కూడా. తల్లి ముందు ఒకసారి తిరిగి చూపించబోయి, చేతులు పైకెత్తగానే పట్టీ జారితే గబుక్కున భుజాలు ముందుకి ముడుచుకుంది. పోనీ ఆ బాడీ తీసేద్దామంటే, అది లేకుండా అసలు ఎగరలేదు.

రాజరాజేశ్వరి ఆ ముడుచుకోవడం చూసింది. ఆ భంగిమ ఆమెకి బాగా తెలుసు.

"చందూ, రెండే మాటలు. లోపలిది కనిపించకూడదు, కదలకూడదు. ఆ రెండూ కుదిరితే వెళ్లు. కుదరకపోతే చుడీదార్ వేసుకుని ఆడు."

"చున్నీ కూడా వేసుకోమంటావా? చక్రాల్లో పడి చస్తాను. ఆ బట్టలతో బరిలోకే రానివ్వరమ్మా."

"అయితే కుదిరేది వెతుకుదాం."

మర్నాడు శివరామయ్య గారి కొట్టుకి వెళ్లారు. పెళ్లయి కాపురానికి వచ్చినప్పటినుంచీ రాజరాజేశ్వరి లోబట్టలన్నీ అక్కడే కొంటుంది. శివరామయ్య గారు ఎంత మర్యాదస్తుడంటే ఆడవాళ్లు ఆ బల్ల దగ్గరికి రాగానే పైన తిరిగే ఫ్యాను వంక చూస్తాడు. వాళ్లు "పోయినసారి ఇచ్చిందేనండి" అంటారు. ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి అట్టపెట్టె తీసి, న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తాడు. పెట్టె కొట్లో తెరిచిన ఆడమనిషి లేదు. కొలత పైకి చెప్పిన ఆడమనిషీ లేదు.

"మా అమ్మాయికండి" అంది రాజరాజేశ్వరి. "ఒంటి రంగుది కావాలి."

"స్కిన్ కలర్ అమ్మా, ఉంది" అన్నాడాయన ఫ్యానుతో. "మీదేగా నెంబరు?"

"అదేనండి."

ఇంటికొచ్చి విప్పితే అది పాలలో రోజా నీళ్లు కలిపిన రంగులో ఉంది. హరిచందన చామనఛాయ ఒంటిమీద, ఎర్ర జాలీ కింద, అది తెల్లదానికన్నా ఎక్కువ కనిపించింది.

"ఎవరి స్కిన్నమ్మా ఇది?" అంది హరిచందన.

రాజరాజేశ్వరి పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ ప్రశ్నలో న్యాయం ఉందనిపించింది. బుధవారం అయిపోయింది. గురువారం పొద్దున్న గౌను, పెట్టె సంచిలో వేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని రేపల్లె ప్యాసింజరు ఎక్కింది.

రేపల్లెలో షాహీదా ఉంది. ఇద్దరూ బాపట్ల కాలేజీలో ఒకే బెంచీలో కూర్చుని చదివారు. షాహీదా ఇప్పుడు ఇంటి వరండాలో రెండు కుట్టుమిషన్లు పెట్టుకుని ఊళ్లో సగం మందికి జాకెట్లు కుడుతుంది. గుమ్మంలో రాజరాజేశ్వరిని చూడగానే అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఎప్పుడూ అనే మాటే అంది.

"నా పాప్లిన్ తెచ్చావా?"

"తేలేదు. ముందు దీని సంగతి చూడు."

"ఇరవై ఏడేళ్లయింది పాప్లిన్ తీసుకుని. చందూ, మీ అమ్మని ఎవరూ నమ్మరు తల్లీ, లోపలికి రా."

గౌను చూసి షాహీదా ముక్కు మీద వేలేసుకోలేదు. లోపలి కుట్లు తిరగేసి చూసి, "పని మంచిదే" అంది. తర్వాత హరిచందన వేసుకున్న బాడీ భుజం దగ్గర వేలు దూర్చి చూసింది. పట్టీ ఒత్తుకుని చర్మంలో గాడి పడింది. కింద పట్టీలో నాలుగు వేళ్లు దూరాయి.

"ఈ కొలత ఎవరు చెప్పారే?"

"శివరామయ్య గారు" అంది రాజరాజేశ్వరి.

"ఆయన కొలిచాడా?"

"ఛీ. ఆయన తలెత్తి కూడా చూడడు."

"మరి?"

రాజరాజేశ్వరి ఆలోచించింది. "కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పెట్టె తీసిచ్చాడు. అప్పట్నుంచీ అదే."

"అంటే ఫ్యానుని చూసి నీకో నెంబరు ఇచ్చాడు. దాన్నే ఇరవై ఆరేళ్లు నువ్వు వేసుకుని, ఇప్పుడు కూతురికి ఆస్తి రాసిచ్చావు."

హరిచందన నవ్వాపుకోలేక మంచం మీద కూర్చుండిపోయింది. రాజరాజేశ్వరి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక భుజం మీద చెయ్యి వేసుకుని తడుముకుంది. అక్కడ ఆమెకీ ఆ గాడి ఉంది. అది వయసుతో వచ్చిందనుకుంది ఇన్నాళ్లూ.

షాహీదా తలుపు వేసి టేపు తీసింది. హరిచందన చుట్టూ రొమ్ము కింద ఒక కొలత, పైన ఒక కొలత తీసి చీటీ మీద రాసింది.

"మోసేది భుజం కాదు తల్లీ, కింది పట్టీ. అది వదులైతే భుజాలు మోస్తాయి, భుజాలు మోస్తే నువ్వు వంగిపోతావు. కింద నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ వేస్తాను. కొక్కాలు వీపున వద్దు, పక్కన. వీపున గుడ్డ వద్దు, నా దగ్గరున్న తెల్ల జాలీ రెండు పొరలు వేస్తాను. దీన్ని గౌనుకి నాలుగుచోట్ల పట్టి కుడతాను. ఇది ఒంటిని పట్టుకుంటుంది, గౌను దీన్ని పట్టుకుంటుంది."

"రంగో పిన్నీ?"

"రంగు మీ అమ్మ వేస్తుంది. వంటింట్లోకి పంపించు."

షాహీదా వాళ్ల మేనత్త చీరాలలో నూలుకి రంగులు అద్దేది, ఆవిడ నేర్పిన పద్ధతే ఇది. కరక్కాయ నలగ్గొట్టి నానబెట్టిన నీళ్లు, చిక్కటి టీ డికాషన్ కలిపి, చిటికెడు ఉప్పు వేసి, గుడ్డని అందులో ముంచి తీయాలి. మొదటిసారి ముంచిన ముక్క ఆరాక పసుపుపచ్చగా తేలింది. "పెళ్లికూతురి రంగు" అని పక్కన పడేసింది షాహీదా. రెండోసారి డికాషన్ పెంచారు. ఆ ముక్కని ఎండలో హరిచందన మెడ వెనక పెట్టి చూస్తే, అంచు ఎక్కడో వెతుక్కోవలసి వచ్చింది. అప్పుడు అసలు గుడ్డనీ జాలీనీ ముంచారు.

దండెం మీద అవి ఆరుతుంటే హరిచందన అడిగింది. "ఈ పాప్లిన్ గొడవ ఏంటి పిన్నీ?"

షాహీదా రాజరాజేశ్వరి వంక చూసింది. ఆమె కాదనలేదు.

"మీ అమ్మ జింకలా పరిగెత్తేది. నమ్మవుగా? కాలేజీలో వందగజాల పందెం. పంతొమ్మిదేళ్లు. తీరా పేరిచ్చాక, ఎలా పరిగెత్తను, ఒళ్లంతా కదుల్తుంది, అందరూ చూస్తారు అని ఏడుపు. నాకు రంజానుకి లంగాకని మా అమ్మ కొన్న పాప్లిన్ ఉంది. తెల్లది, మీటరున్నర. దాన్ని కత్తిరించి బిగువుగా ఒక బాడీ కుట్టిచ్చాను. ఆ ఏడు నేను పాత లంగాతోనే పండగ చేసుకున్నాను."

"గెలిచిందా?"

"తొడుక్కుంది. గీత దాకా వెళ్లింది. ఇదిగో, ఇలా భుజాలు ముడుచుకుని నిలబడింది. ఈల ఊదారు. అందరూ పరిగెత్తారు, మీ అమ్మ తప్ప."

హరిచందన తల్లి వైపు తిరిగింది. రాజరాజేశ్వరి దండెం మీది జాలీ ముడతలు సరిచేస్తోంది.

"అది బాగానే పట్టింది" అందామె. "నేనే నమ్మలేదు."

"ఎన్నిసార్లో బట్ట తెచ్చింది" అంది షాహీదా. "నేనే తీసుకోలా. నా గుడ్డ పరిగెత్తకుండా అప్పు ఎలా తీరుతుంది?"

సాయంత్రానికి కుట్టు పూర్తయింది. తొడుక్కోగానే షాహీదా హరిచందన చేత వరండాలో కసరత్తు చేయించింది. చేతులెత్తమంది, వంగమంది, గిర్రున తిరగమంది. "ఎగురు. ఇంకా. పక్కింటి వాళ్ల సంగతి నీకెందుకు, ఎగురు." పదోసారి ఎగిరి దిగాక హరిచందన తన భుజాల వంక తానే చూసుకుంది. అవి వెనక్కి ఉన్నాయి. ఆ పిల్ల వాటి సంగతే మర్చిపోయింది.

"కనిపిస్తోందా?" అంది షాహీదా.

రాజరాజేశ్వరి చుట్టూ తిరిగి చూసింది. "లేదు."

"కదులుతోందా?"

"లేదు."

"మరి ఏడుపు మొహం ఎందుకే రాజీ?"

"టీ వాసన వస్తోంది" అంది రాజరాజేశ్వరి.

ఆదివారం బాపట్ల కాలేజీ ఆవరణలో, బాస్కెట్‌బాల్ ఆడే గచ్చు చుట్టూ తాళ్లు కట్టారు. ఆ గచ్చు పక్కనే పాత పరుగుల మైదానం. రాజరాజేశ్వరి అటు చూడకుండా కూర్చుంది. ఒళ్లో బరువైన సంచి ఉంది. పక్కన షాహీదా పల్లీలు ఒలుస్తోంది.

హరిచందన వచ్చి గచ్చు మధ్యలో నిలబడింది. పాట ఇంకా మొదలవలేదు. రాజరాజేశ్వరి కళ్లు కూతురి మొహం మీద లేవు, భుజాల మీద ఉన్నాయి. అవి ముందుకి ముడుచుకుంటాయేమోనని చూసింది. ముడుచుకోలేదు. ఆ పిల్ల గుడిలో తెర తీసినప్పటి విగ్రహంలా తిన్నగా నిలబడింది. పైకి కనిపించేది ఎర్ర ముఖమల్, మెరుపులు. అవి నిలవడానికి కింద ఏముందో అక్కడ కూర్చున్నవాళ్లలో ఇద్దరికే తెలుసు.

నాన్న చెప్పింది సగం జవాబు కాదేమో అనుకుంది రాజరాజేశ్వరి. దేవుడి సంగతి వేరే, బట్టల సంగతి వేరే అని అనుకున్నది తనేనేమో.

పాట మొదలైంది. హరిచందన చుట్టూ తిరిగి, వేగం అందుకుని, గాల్లోకి లేచి ఒంటికాలి మీద దిగింది. రెండోసారి దిగినప్పుడు కాస్త తూలింది, చెయ్యి గచ్చుకి తగిలింది. అయినా రెండు చేతులూ తలపైకెత్తే గిరగిరా తిరిగి ఆగింది. రెండో స్థానం వచ్చింది. ఇద్దర్ని పంపిస్తామన్నారు కాబట్టి విశాఖపట్నం ఖాయమైంది.

జనం లేచాక రాజరాజేశ్వరి సంచి విప్పింది. చీరాల నుంచి తెప్పించిన తెల్లటి పాప్లిన్, మడత విప్పనిది, షాహీదా ఒళ్లో పెట్టింది.

షాహీదా ఈసారి వద్దనలేదు. పల్లీ పొట్టు దులుపుకుని, బట్ట కొసని ముక్కు దగ్గర ఆనించి, రెండో చెయ్యి చాచి కొలిచింది. మిగిలింది జేన వేసి చూసింది.

"మీటరున్నర మీద నాలుగంగుళాలు ఎక్కువుంది."

"కొత్త బట్ట కదే. ఉతికితే పోతుంది."

"పోతుంది" అని ఒప్పుకుని, షాహీదా దాన్ని మడిచి తన సంచిలో అడుగున పెట్టుకుంది.