ఆగని నెత్తురు

బల్మూరులో క్షౌరశాల నడిపే ఫకీర్ ఒకప్పుడు చుట్టుపక్కల గ్రామాలన్నింటిలోనూ సున్నతులు చేసేవాడు. మజీదా కొడుకు ఆసిఫ్ సున్నతి తరువాత నెత్తురు ఆగక కన్నుమూసిన నాటి నుండి ఆ పని మానుకున్నాడు. "నా బిడ్డను వీని చెయ్యే తిన్నది" అని మజీదా మసీదు ముందర నిలబడి శపించింది. ఊరు నమ్మింది. కొన్నిసార్లు ఫకీర్ కూడా నమ్మాడు.

ఏళ్ళు గడిచాయి. ఒక శుక్రవారం నమాజు ముగిసి దుకాణం నిండుగా ఉన్న వేళ మజీదా వచ్చి గుమ్మంలో నిలిచింది. వెంట కూతురు నిషాత్, ఆమె చంకలో ఏడాది కొడుకు రెహాన్.

గడ్డానికి నురుగు పూయించుకుంటున్న మొగులయ్య, "ఏందమ్మా, తోవ తప్పి వచ్చినవా?" అని ఎత్తిపొడిచాడు.

"తోవ తప్పింది ఇయ్యాల గాదు, మొగులన్నా."

ఫకీర్ చేయి ఆగింది.

రెహాన్ పాకినప్పుడల్లా మోకాళ్ళు కమిలిపోతుంటే హైదరాబాదులో పరీక్ష చేయించామని నిషాత్ చెప్పింది. "నెత్తురు గడ్డ కట్టనీకె ఒక ప్రోటీన్ కావాలె, చాచా. కాలేయంల కొన్ని కణాలు దాన్ని తయారు జేసి, సక్కగ మడత వెట్టి, నెత్తుర్లకు పంపుతయి. వీనికి తయారైతది గని మడత కుదరదు. కుదరనిదాన్ని కణం బయటికి పోనియ్యదు, లోపల్నే విరగ్గొడ్తది. గిది తల్లి దిక్కు నుంచి కొడుకులకొస్తదంట, కూతుళ్ళు రోగం లేకున్న మోస్తరంట. నాకు అమ్మ నుంచొచ్చింది. ఆసిఫ్ అన్నకూ గంతే."

"అంటే... నా కత్తి?"

"నీ కత్తి గాదు." మజీదా వీధి వైపు తిరిగి గొంతెత్తింది. "అందరు ఇనుండ్రి! నా కొడుకు ఫకీర్ భాయ్ చేతుల సావలే. ఆ రోగం నా నెత్తుర్లనే ఉండె. తెల్వక శాపం వెట్టిన."

మొగులయ్య చెంపల మీద నురుగు ఆరిపోతున్నా కదలలేదు. ఫకీర్‌కు సంతోషం కలుగలేదు. బ్రష్షును గిన్నెలో పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు.

"మా ఇంటామె ఈ మాట ఇనకుండనే పోయింది, మజీదమ్మా."

ఆమె తల వంచింది. రెహాన్ తల నిమిరి, "వచ్చే వారం దవాఖానల వీని సున్నతి," అంది. "ముందుగాల ఆ ప్రోటీన్‌ను నరంలకు ఎక్కిచ్చి, తర్వాత డాక్టర్లే చేస్తరంట. ఎక్కిచ్చేటప్పుడు ఎవరన్న ఒళ్ళో వెట్టుకోవాలె. మన కాడ మేనమామ కూసుంటడు గద..." ఆ మేనమామ ఆసిఫ్.

ఫకీర్ చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేళ్ళ సందులు కూడా తుడుచుకున్నాడు.

"ఇటియ్యి బిడ్డా, మెల్లగ," అని నిషాత్ వైపు చేతులు చాచాడు. "ఇప్పటిసంది అలవాటు గానీ. లేకుంటే ఆడ నన్ను జూసి ఏడుస్తడు."