చిన్నమ్మి మెడికల్

ఇంజను డ్రైవర్లకు దయ్యాలంటే భయం లేదు, మెడికల్ అంటే భయం. నాలుగేళ్లకోసారి రైల్వే డాక్టరు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, బీపీ అంకె రాసుకుంటాడు. ఆ అంకె పెరిగిందా, బండి దింపేసి షెడ్డులో కూర్చోబెడతారు. బిలాస్‌పూర్‌లో ముప్పై మూడేళ్లు గూడ్సు బళ్లు నడిపాను. ఒక్కసారీ దింపించుకోలేదు. నా కిటుకు ఒకటే. మెడికల్‌కు నాలుగు రోజుల ముందు సెలవు పెట్టి, ఎండుచేప మానేసి, ఉప్పులేని గంజి తాగి మంచం మీద పడుకోవడం. ఆ గంజి కాచిపోసింది నా భార్య చిన్నమ్మి.

రిటైరై ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు దింపడానికి బండే లేదు. అయినా 2008 మే నెలలో మా అమ్మాయి ఝాన్సీ డిజిటల్ బీపీ మిషను తెచ్చి బల్ల మీద పెడితే, నా చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. ఝాన్సీది బిల్హాలో బ్యాంకు ఉద్యోగం. అక్కడే కాపురం. ఆదివారం ఆదివారం లోకల్ ఎక్కి మమ్మల్ని చూసిపోతుంది.

"రోజూ పొద్దున్నే ఒకసారి చూసుకో నాన్నా. అంకెలన్నీ దీన్లోనే ఉంటాయి. సండేకి వచ్చి చెక్ చేస్తాను, సమ్ఝే?"

"మనిషి ఒంట్లో ఏటుందో డబ్బాకేటి తెలుస్తాది?" అన్నాను.

డాక్టరైనా మరిచిపోతాడు, ఇది మరవదట! సోమవారం పొద్దున్న దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను. పడిన అంకెను తుడిచెయ్యడం ఎలాగో తెలియదు. చివరికి బుర్రకు తట్టింది. చిన్నమ్మికి అరవై రెండు. ఒక్క మాత్ర మింగి ఎరగదు. కింద కుళాయి నుంచి చేతికో బకెట్టు పట్టుకుని మేడమీది మా ఇంటికి ఎక్కుతుంది. పిలిచి పట్టీ ఆమె చేతికి చుట్టాను.

"నాకెందుకు మావా?"

"ఊరికే. పన్జేత్తందో లేదో సూద్దాం."

మిషను బుస్సుమంది, కీచుమంది. నూట ఎనభై ఆరు. కింద నూట పది.

మిషను పాడైందనుకున్నాను. అబద్ధమెందుకు, సంతోషించాను కూడా. మంగళవారం నూట ఎనభై రెండు. బుధవారం నూట తొంభై. అప్పుడు తలుపు వేసుకుని నా చేతికే చుట్టుకున్నాను. నూట నలభై. మళ్లీ చుట్టుకున్నాను. నూట ముప్పై ఎనిమిది. మేముండే తార్‌బహార్ సందు చివరి మందుల షాపుకు పోయి, చేత్తో గాలి కొట్టే పాత మిషనుతో చూపించుకున్నాను. అక్కడా నూట నలభైయే. డబ్బాది తప్పు కాదు.

ఆ తర్వాత నాకు కాలు నిలవలేదు. స్టేషను దాకా నడిచి, ఏ బండీ ఎక్కకుండా తిరిగొచ్చాను. చిన్నమ్మి నెల రోజులుగా తలకు గుడ్డ బిగించి కట్టుకుంటోంది. ఎండ వల్లే తలనొప్పి అంటోంది. నేనూ ఎండే అన్నాను. ఇప్పుడు నిజం చెబితే కూతురి ముందు పరువు పోతుంది. చెప్పకపోతే కూతురు ఆ అంకెలు నావనుకుని మాత్రలు నాకు మింగిస్తుంది, అసలు మనిషి బకెట్లు మోస్తూనే ఉంటుంది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని, శనివారం రోజంతా బకెట్లు నేనే ఎక్కించాను.

"ఈ మడిసికి ఇయేల ఏటైందో!" అంది చిన్నమ్మి.

ఆదివారం ఝాన్సీ మిషను మీట నొక్కి అంకెలు చూసి లేచి నిలబడింది. "నాన్నా, యే క్యా హై? నూట తొంభైయా? ఆటో పిలుస్తాను, చలో హాస్పిటల్."

"అది నాది కాదమ్మా. మీ అమ్మది."

"మత్‌లబ్? అంటే ఏంటి?"

"బయమేసి మీ అమ్మ సేతికి కట్టినాను."

తిడితే బాగుండేది. ఝాన్సీ మొహం తిప్పుకుని ఆటో కోసం కిందికి దిగిపోయింది.

చిన్నమ్మి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "నాలుగు దినాలాగు మావా. ఎండుసేప మానేసి గంజి తాగుతాను. నీకు సేసినట్టే. అప్పుడెల్దాం."

నాకు సిగ్గేసింది. ఆ గంజి బలంతోనే మెడికల్ దాటి, ఒకసారి బిల్హా దగ్గర ఎర్ర సిగ్నలు రెండుగా కనిపిస్తుంటే, యాభై ఎనిమిది వేగన్లు వెనక పెట్టుకుని గుడ్డిగా బ్రేకు వేశాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, చిన్నమ్మికి కూడా.

"వొద్దే. ఉన్నదున్నట్టు సూపిద్దాం."

"పెయిలైపోతే?"

"అయిపో. నీళ్లు నాను మోత్తాను."

"వంటో?"

"అదీ నానే."

"అయితే సచ్చినట్టే మనం," అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది.

బీరువాలోంచి రైల్వే హాస్పిటల్ పుస్తకాలు తీశాను. నాది మూడో పుస్తకం, అదీ నిండిపోవచ్చింది. ఆమెది, నేను ఉద్యోగంలో ఉండగా రాయించిన మొదటిదే. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఒక్క ముద్ర లేదు. ఆటోలో దాన్ని నేనే పట్టుకుని కూర్చున్నాను. మెడికల్ నాది కాదు. అయినా నా మెడికల్‌లు వేటికీ నేను ఇంత భయపడలేదు.