ఎడమ గిన్నెలో గరగర

నేను ఒక హెడ్‌ఫోన్ల జతను. నా ఎడమ గిన్నె చెడిపోయిందని విజయనగరం గంటస్తంభం పరిసరాల్లో నన్నెరిగిన వారందరూ అంటారు. స్టూడియోకు వచ్చే భజన బృందం అంటుంది, మెట్ల కింద టీ కొట్టు యజమాని అంటాడు, నన్ను ఒక్కసారీ తలకు పెట్టుకోని ఇంటి యజమానురాలు కూడా అంటుంది. ఎవరో పెద్ద గాయకుడు పోయిన రోజున నేను బల్ల మీది నుంచి పడ్డాననీ, ఆనాటి నుంచి ఆయన గురక నా ఎడమవైపు చిక్కుకుపోయిందనీ మరింత శ్రద్ధగా చెప్పేవారూ ఉన్నారు. బల్ల మీది నుంచి పడిన మాట నిజమే. అయితే నేలకు తగిలింది నా కుడివైపు.

ఈ విషయంలో నా సాక్ష్యం పనికిరాదని ముందే ఒప్పుకుంటాను. నాకు రెండు గొంతులున్నాయి, చెవులు లేవు. నేను పలికేది నాకు వినబడదు. అందరూ ఒకే మాట అంటూంటే చివరికి నేనూ నమ్మాను.

నా పుట్టుకలో వింతేమీ లేదు. వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్ట, దానికి అతికిన పలుచని పొర, వెనుక ఒక అయస్కాంతం. తీగలో విద్యుత్తు హెచ్చుతగ్గులైతే పొర ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ ఊపునే మనుషులు పాట అంటారు, తిట్టు అంటారు, వార్తలు అంటారు. నా రెండు పొరలనూ ఒకే పళ్లెంలోంచి తీసి, ఒకే అమ్మాయి ఒకే పూట బిగించింది. ఒకదాని మీద ఎడమ గుర్తు, రెండోదాని మీద కుడి గుర్తు ముద్రించేదాకా వాటి మధ్య తేడా లేదు.

మొదట ఒక కళాశాలవారు నన్ను కొన్నారు. విద్యార్థులు విని ఇంగ్లీషు ఉచ్చారణ దిద్దుకోవాలని ఉద్దేశం. వాడితే పాడవుతానని భయపడి తొమ్మిదేళ్లు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తర్వాత పాత సామానుగా తీసేశారు. అంత జాగ్రత్తగా కాపాడి పారవేయడం మనుషులకే చేతనవుతుంది.

అక్కడినుంచి నన్ను తెచ్చుకున్నవాడు భుక్త యజ్ఞన్న. ముప్పై ఏళ్లు సౌండు రికార్డిస్టుగా ఉద్యోగం చేసి, విరమించాక మేడ మీద రెండు గదుల స్టూడియో పెట్టుకున్నాడు. ఆయన నన్ను పెట్టుకునే తీరు వేరు. ఎడమ గిన్నె ఎడమ చెవికి గట్టిగా అదిమి, కుడిదాన్ని చెవి వెనక్కి నెట్టేవాడు. "ఎడమ చెవి పనికి, కుడి చెవి గదికి" అనేవాడు. ఉద్యోగమంతా అలాగే గడిచింది. ఎడమవైపు నిలబడి ఎవరైనా పిలిస్తే పలికేవాడు కాదు. పనిలో మునిగి ఉన్నాడనుకుని వాళ్లు గౌరవంగా ఆగేవారు.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. స్పూలు టేపు కరవుగా ఉన్న రోజుల్లో, ఒక్కసారి పాడి ఎత్తినది, అంటే టేకు, బాగా రాకపోతే దాని మీదే మళ్లీ రికార్డు చేసేవారు. ఇప్పుడు కంప్యూటరులో ఎన్ని వందల పాటలకైనా చోటుంది. అయినా అనుమానం కలిగిన టేకును ఆయన ఆ క్షణమే తుడిచేసేవాడు. "చెడ్డదాన్ని ఉంచితే, రేపు ఎవడో దాన్నే అసలనుకుంటాడు" అన్నది ఆయన సిద్ధాంతం. సిద్ధాంతంలో లోపం లేదు. ఏది చెడ్డదో తేల్చేది ఎవరన్నదే ప్రశ్న.

నెల్లిమర్ల అవతలి ఊరినుంచి పారమ్మ వచ్చినప్పుడు ఆ ప్రశ్న ఎవరికీ తోచలేదు. పారమ్మ జముకుల కథ చెప్పే మనిషి. జముకు అంటే కుండలాంటి వాద్యం. ఒక మూతి చర్మంతో బిగించి ఉంటుంది, దాని మధ్యనుంచి వచ్చే నరాన్ని లాగి మీటితే ఎలుగెత్తి మూలుగుతుంది. ఆమె మరిది అప్పన్న దాన్ని వాయిస్తాడు, ఆమె తమ ఇలవేల్పు కథను తొమ్మిది భాగాలుగా పాడుతుంది. ఆ తొమ్మిదీ తెలిసినవారు ఆమె తరువాత లేరు. ఆమె కూతుళ్లు జనపనార మిల్లులో పనికి పోయారు. ఏదీ కాగితం మీద లేదు. ఇప్పుడు ఆమె గొంతులో కంతి పుట్టింది. పెద్దాసుపత్రిలో మూడు వారాల గడువిచ్చారు. ఆపైన స్వరపేటిక తీసేస్తారు.

"మూడు వారాలు చాలు పారమ్మా, రోజుకో భాగం చొప్పున రికార్డు చేసేద్దాం" అన్నాడు యజ్ఞన్న. జాతరలో ఆమె పాట విని, తనంతట తానే కబురుపెట్టి పిలిపించాడు. పారితోషికం మాట ఇద్దరూ ఎత్తలేదు.

రెండు మైకులు పెట్టాడు. ఆమె గొంతు నా ఎడమ గిన్నెలోకి, జముకు కుడి గిన్నెలోకి వచ్చేలా అమర్చాడు. ఆమె మొదటి భాగం నలభై నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా పాడింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ముఖం ముడుచుకుంది.

"గరగరమంటోంది."

"జముకంటే గరగరే గద బాబూ!" అన్నాడు అప్పన్న.

యజ్ఞన్న నా కుడి గిన్నెను కుడి చెవి మీదికి లాక్కుని విన్నాడు. జముకు శుభ్రంగా ఉంది. గరగర ఎడమవైపే, ఆమె గొంతు హెచ్చినప్పుడల్లా.

"జముకు కాదు. గొంతులోనే ఉంది."

పారమ్మ తన మెడ మీద చెయ్యి వేసుకుంది. "కంతిదేటో బాబూ. మల్లీ పాడతాను, తుడిసీండి."

తుడిచేశాడు.

మర్నాడు మళ్లీ పాడింది. ఆ మర్నాడూ పాడింది. మైకు మార్చాడు, దాని తీగ మార్చాడు, ఆమెను రెండడుగులు వెనక్కి కూర్చోబెట్టాడు. ప్రతిరోజూ బస్సు దిగి మెట్లెక్కి, అదే మొదటి భాగం. ఐదో టేకు తరువాత ఆమె నవ్వుతూ, "ఏటి బాబూ, అమ్మోరు ఇంకా పుట్టకుండానే నన్ను సంపీసీలా ఉన్నారు" అంది. ఆయన నవ్వలేదు. గొంతులో దోషమైతే ఆమె స్వరం తగ్గించి పాడే ముక్తాయింపులో కూడా వినబడాలి, వినబడటం లేదు. కాబట్టి దోషం నాదేనని తేల్చాడు.

నన్ను లతీఫ్ దగ్గరికి పంపాడు. లతీఫ్‌ది రేడియోలు బాగుచేసే కొట్టు. పనితనం తెలిసిన మనిషి. నా ఎడమ గిన్నె విప్పి పొర మీద ధూళి ఉందేమోనని భూతద్దంతో చూశాడు, లేదు. మీటరు పెట్టి రెండు చుట్టలనూ కొలిచాడు. రెండువైపులా ఒకే అంకె వచ్చింది. ఒక పాట పెట్టి తనే విన్నాడు. అప్పటికే యజ్ఞన్న ఫోను.

"ఏం లతీఫ్, గరగర పట్టావా?"

లతీఫ్ ఒక్క క్షణం మీటరు వైపు చూశాడు. "ఉందండి గురువుగారూ, కొంచెం... సన్నగా ఉంది. మీలాంటి చెవికి తప్ప తెలీదు."

ఆ మాట అన్న తరువాత అతనికి నిజంగానే వినబడిందని నా అనుమానం. భజన బృందం పెద్ద కూడా నన్ను పెట్టుకుని, "అవునండోయ్, ఎడమ పక్క" అన్నాడు. ఏది వినాలో ముందే చెప్పి వినిపిస్తే వినబడనిదంటూ ఉండదు. మీటరుకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. అందుకే దాని మాట ఎవరూ అడగలేదు.

కొత్త తీగ, కొత్త మెత్తలు వేయించుకుని ఎనిమిది రోజులకు తిరిగివచ్చాను. ఆ ఎనిమిది రోజులూ పాట లేదు. వచ్చాక మళ్లీ అదే గరగర. వేరే హెడ్‌ఫోన్లు తెచ్చుకోమన్నాడు అప్పన్న. "కొత్తవి మోగుతాయి, నిజం చెప్పవు" అన్నాడు యజ్ఞన్న. స్పీకర్లలో వినమంటే, "గది గోడలు కలిసి పాడతాయి, వాటినేం నమ్మను?" అన్నాడు. నిజం కోసం ఆయన పడ్డ తపన కల్లకాదు. తపన పడేవాడు పొరబడడని మాత్రం ఎక్కడా రాసిలేదు.

చివరి రోజు వచ్చింది. మర్నాడు ఆమె ఆసుపత్రిలో చేరాలి. అప్పటికి మొదటి భాగం ఏడుసార్లు, రెండో భాగం నాలుగుసార్లు పాడింది. కంప్యూటరులో ఒక్కటీ లేదు.

"ఇంక మొదలొద్దు బాబూ," అంది పారమ్మ. గొంతు అప్పటికే బొంగురుపోయింది. "మొదలు ఎవులైనా కట్టుకుంతారు. ఆకరు నాను సెప్పాల."

తొమ్మిదో భాగం ఎత్తుకుంది. అమ్మవారు ఊరి పొలిమేరకు వచ్చి వెనక్కి తిరిగి చూసే చోటుకు పదకొండు నిమిషాలు పట్టింది. అక్కడ గొంతు ఆగింది. నీళ్లు తాగి మళ్లీ ప్రయత్నించింది, రాలేదు. అప్పన్న జముకు నరం వదిలేశాడు.

యజ్ఞన్న వేలు తుడిచే మీట మీద ఉంది. అలవాటు.

"ఉంచీండి బాబూ," అంది ఆమె. "పాడైనదే ఉంచీండి."

మర్యాదకు ఉంచాడు.

నెలన్నర తరువాత వాళ్లిద్దరూ మళ్లీ మెట్లెక్కి వచ్చారు. పారమ్మ మెడ చుట్టూ తెల్లని గుడ్డ ఉంది. మాట్లాడేది అప్పన్నే. "వొదిన అది ఓపాలి వినాలంతంది."

యజ్ఞన్న నన్ను ఆమె తలకు పెట్టాడు. "ఎడమవైపు గరగర ఉంటుంది పారమ్మా, ఏమనుకోకు" అని ముందే చెప్పాడు. ఆమె పదకొండు నిమిషాలూ కదలకుండా విన్నది. పొలిమేర దగ్గర గొంతు ఆగిపోయినప్పుడు, ఆమె పెదవులు మాత్రం ముందుకు సాగాయి. మిగిలిన కథ ఆమె నోటిలో శబ్దం లేకుండా నడిచింది. ఎంత నడిచిందో చూసినవాళ్లం ముగ్గురం, ఒక్క మాటా తెలుసుకోలేకపోయాం.

తరువాత ఆమె ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తన చెవిని తాకి చూపి, మళ్లీ ఊపింది.

"ఏటంతంది?" అన్నాడు అప్పన్న. "గరగర నేదంతందా?"

"ఆమెకేం తెలుస్తుంది" అన్నాడు యజ్ఞన్న నెమ్మదిగా.

పారమ్మ నన్ను తీసి, తట్ట ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి, ఆయన తల మీద పెట్టింది. ఎడమ గుర్తు, కుడి గుర్తు ఆమెకు తెలియవు. నా తీగ ఆయన కుడి భుజం మీద వేలాడింది. సరిచేయడానికి ఆయన చేయి లేచింది. అప్పటికే ఆమె, ఇందాక పాట వినిపించడానికి ఆయన నొక్కిన మీటను నొక్కేసింది.

చేయి గాలిలోనే ఆగింది.

ఆయన పూర్తిగా విన్నాడు. నన్ను తీసి మామూలుగా పెట్టుకుని ఒక నిమిషం విన్నాడు. మళ్లీ తిరగేసి ఒక నిమిషం విన్నాడు. ఇలా మూడుసార్లు చేశాడు. అప్పన్న ఎడమవైపునుంచి ఏదో అడిగాడు. ఆయన పలకలేదు.

తిరగేసి పెట్టుకున్న ప్రతిసారీ గరగర ఆయన ఎడమ చెవి మీదున్న నా కుడి గిన్నెలో, జముకులో వినబడింది. ఆయన కుడి చెవి మీదున్న నా ఎడమ గిన్నెలో పారమ్మ గొంతు, ఆగిపోయినంతవరకూ, నిర్మలంగా ఉంది.

నా ఎడమ గిన్నె చెడిపోలేదు.