తడిసిన బేళ్లు

అల్వాల్‌లో మా గోదాము కాలిన మూడో రోజు, సగం కాలిన దుప్పట్ల బేళ్లను తుక్కు వ్యాపారికి అమ్మేశాను. నష్టం లెక్కగట్టే బీమా సర్వేయరు ఇంకా రాలేదు. ఫైరింజను నీళ్లకు తడిసిన సరుకు కుళ్లడం మొదలైతే కొనేవాడుండడు. బీమా కంపెనీ బ్రాంచి మేనేజరు సత్యదేవ్‌ను ఫోన్లో అడిగే అమ్మాను. "అమ్మెయ్ అన్నా, నేను చూసుకుంట" అన్నాడు. మా బజారులో మాటే రసీదు. రాసిమ్మని అడగలేదు.

ఎనభై లక్షల క్లెయిము నాలుగు నెలలు కదల్లేదు. అది రాకపోతే జనరల్ బజారులో కొట్టు అమ్మి బ్యాంకు అప్పు తీర్చాలి. అప్పుడు తెలిసింది, నా పాలసీలో నూటికి తొంభై పాళ్ల భారాన్ని ఈ బీమా కంపెనీవాళ్లు రీఇన్సూరెన్స్ పేరుతో ఒక విదేశీ కంపెనీ నెత్తిన పెట్టారని, అది ఒప్పుకుంటేనే డబ్బు వస్తుందని. దాని అధిపతి జ్యూరిక్‌లో, క్లెయిముల పెద్ద సింగపూర్‌లో, మన దేశం చూసే ఇంద్రజ ముంబైలో. మా కొట్టులో గల్లా దగ్గర కూర్చున్నవాడే యజమాని. వీళ్లలో ఎవరికి దండం పెట్టాలో తేలలేదు.

చివరికి సత్యదేవ్ గదిలో వీడియో కాల్ పెట్టారు.

"హరికిషన్ గారూ, సర్వేయరు చూడకుండా సరుకు ఎందుకు తీసేశారండీ?" అంది ఇంద్రజ.

"మేనేజర్ సాబ్ అమ్మమంటేనే అమ్మిన మేడమ్. ఈడనే ఉన్నడు, అడుగుండ్రి."

"సత్యదేవ్ గారూ, మీరు చెప్పారా?"

ఆ విదేశీ కంపెనీ హైదరాబాదులో ఆఫీసు తెరుస్తోంది. దానికి తననే పెద్దగా తీసుకుంటున్నారని సత్యదేవ్ మొన్ననే మిఠాయి పంచాడు. తీసుకునేది ఇంద్రజే.

"నాకైతే యాదికి లేదు మేడమ్" అన్నాడు, తెర వైపే చూస్తూ.

"జెర యాది చేసుకో తమ్మీ. నీ బిడ్డ ఏడుస్తుంటే, ఒక్క నిమిషం అని పోయొచ్చి మళ్ల మాట్లాడినవ్."

"దినాం యాభై ఫోన్లొస్తయ్ అన్నా."

"ఫోన్లు యాభై. కుర్సీ ఒక్కటే."

ఇంద్రజ కాసేపు కాగితాలు తిరగేసింది. "రాతలో ఏదీ లేకపోతే మేమేం చేయలేమండీ. ఇరవై రెండు లక్షలకు ఒప్పుకుంటే ఈ వారమే వేయిస్తాం."

కోర్టుకెళితే ఎన్నేళ్లు, వకీలుకెంత, అందాకా వడ్డీ ఎంత, అన్నీ లెక్కేసుకున్నాను. సంతకం పెట్టాను.

లిఫ్టు దాకా సత్యదేవ్ వెంట వచ్చాడు. "పరేషాన్ గాకు అన్నా. కొట్టు అమ్ముతవేమో గద? మా బామ్మర్ది చూస్తున్నడు. పార్టీ మంచిది."

చెంప పగలగొట్టాలనిపించింది. బ్యాంకు గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

"ఎంతిస్తడంట?" అన్నాను.