పాపిట తడవని గొడుగు

నేను కాపురానికి వచ్చిన మర్నాడే మా అత్తగారు నన్ను పెరటి వసారాలో నిలబెట్టి, చేతికి గొడుగిచ్చి, దాని మీద బకెట్టెడు నీళ్లు కుమ్మరించారు. తరవాత గొడుగు పక్కకు తీసి నా పాపిట మీద వేలు పెట్టి చూశారు.

"పొడిగానే ఉంది. ఇక వెళ్లొచ్చు," అన్నారు.

నన్నే అనుకుని లోపలికి నడిచాను. ఆవిడ పడీపడీ నవ్వారు. "నువ్వు కాదే తల్లీ, గొడుగు."

ఆ ఇంటి పద్ధతి అది. గొడుగుల కంపెనీ గుడ్డ, ఊచలు పంపేది. అత్తగారు, తోడికోడలు, నేను గుడ్డ కత్తిరించి, కుట్టి, ఊచలకు బిగించి ఇచ్చేవాళ్లం. ప్రతి కట్టలోంచీ ఒక గొడుగు తీసి నీళ్లు పోయాలి. కింద ఎవరో ఒక కోడలు నిలబడాలి. ఎండాకాలంలో ఆ వంతు కోసం పోట్లాడుకునేవాళ్లం. చలికాలంలో ఇద్దరికీ ఒక్కసారే వంటింట్లో పని గుర్తొచ్చేది. మిషన్ నూనె వాసనా, కొత్త గుడ్డ వాసనా కలిసి మా చీరల్లోంచి ఎన్ని ఉతుకులకీ పోయేవి కావు.

కొన్నేళ్లకు బజారులోకి విదేశీ గొడుగులు చవగ్గా వచ్చిపడ్డాయి. మా కట్టలు తగ్గాయి. అప్పుడొచ్చాడు అత్తగారి అక్కకొడుకు. కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఎండాకాలంలోనూ టై విప్పడు కనుక మాకు టైమరిది.

"దిగుమతి సుంకం పెంచాలా వద్దా అని విచారణ పెట్టారు పిన్నీ. నువ్వొచ్చి మాట్లాడాలి. మా యజమాని మాట్లాడితే లాభం కోసమంటారు."

"మరి దేనికోసంరా?"

"నీకోసమే. పెంచకపోతే ఈ మిషన్లు మూలపడతాయి."

నలుగురిలో నోరు విప్పని మా అత్తగారు, అన్నం వారుస్తూ కూడా ఆ మాటలు వల్లెవేసుకున్నారు. విచారణకు వెళ్లి చెప్పారు. సుంకం పెరిగింది. పని ఎంత వచ్చిందంటే మంచాలు బయట వేసి గదిలోనూ మిషన్లు పెట్టాం. "మన అత్తగారు మాట్లాడితే ఓడలు ఆగిపోతాయి," అనేది తోడికోడలు. ఆవిడ విననట్టు మిషన్ తొక్కేవారు కానీ నవ్వు దాగేది కాదు.

తరవాత కంపెనీ అమ్ముడుపోయింది. కొన్నది ఆ విదేశీ గొడుగులవాళ్లే.

"బయటినుంచి తెస్తే సుంకం కట్టాలి కదా వదినా, అందుకని లోపలికే వచ్చేశారు," అని టైమరిది వివరించాడు. "సుంకం పెరగబట్టే మా యజమానికి అంత ధర పలికింది."

కొత్తవాళ్లు గుడ్డ అతికించే యంత్రాలు తెచ్చారు. మాకు కట్టలు రావడం ఆగిపోయింది. మిషన్ల మీద దుప్పట్లు కప్పాం.

ఒక ముసురు రోజు టైమరిది మళ్లీ వచ్చాడు. సుంకం తగ్గించమని దుకాణదారులు గొడవ చేస్తున్నారట.

"ఉంచాలని ఒక్కసారి చెప్పు పిన్నీ. సగం పని మళ్లీ మీకే ఇస్తామంటున్నారు మా కొత్త యజమానులు."

తోడికోడలు నా చెయ్యి గిల్లింది. దుప్పట్ల కేసి చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు.

అత్తగారు నెమ్మదిగా అన్నారు. "అప్పుడు వాళ్లు రాకుండా గోడ కట్టమన్నావు. ఇప్పుడు వాళ్లకోసం అదే గోడకి కాపలా కాయమంటున్నావు. నేను గొడుగులు కుట్టేదాన్నిరా."

"పని పోతుంది పిన్నీ."

"పోయిందిగా. మాటైనా నా దగ్గర ఉండనీ."

అతను మంచినీళ్లు తాగి లేచాడు. బయట వాన ముదిరింది. గొడుగుల కంపెనీ మనిషి గొడుగు తెచ్చుకోలేదు.

"ఆగు," అని అత్తగారు మేం కుట్టినవాటిలో మిగిలిన ఒక్క గొడుగూ తీశారు. నన్ను వసారాలోకి పిలిచి బకెట్టు ఎత్తారు.

"బయట అంత వాన పడుతుంటే ఇదెందుకత్తయ్యా?"

"వాన పద్ధతి వానది. మన పద్ధతి మనది."

నీళ్లు పోసి, నా పాపిట మీద వేలు పెట్టారు. ఈసారి వేలు తీయడానికి కాస్త ఆలస్యమైంది.

"నెరుస్తోందే నీకు," అన్నారు.

"పొడిగా ఉందా?"

"ఉంది."

గొడుగు అతని చేతికిచ్చి, "తిరిగి తెచ్చివ్వు," అన్నారు.

అతను తెచ్చివ్వలేదు. మిషన్ల గదిలోకి మంచాలు తిరిగొచ్చాయి. అత్తగారూ ఇప్పుడు లేరు. వానలో గొడుగు వేసుకుని నడిచి ఏ గుమ్మం ముందు ఆగినా, నా చెయ్యి దానంతటదే పాపిట మీదికి పోతుంది.