కోట తలుపుల అనుబంధం

కరీంనగర్‌లో ఉపేందర్‌రావుగారు సృష్టించిన ఆట కాగితాల మీద, పాచికల మీద, ముఖ్యంగా వారి నోటి మీద నడిచేది. ఆడేవాళ్లు వీరులై, ఆయన వర్ణించే కోటల మీదికి దండెత్తాలి. ఆట నియమాల పుస్తకం మొదటి కూర్పు కాలంలో దానికి రెండేళ్లకొక అనుబంధం వెలువడేది. ఈలోగా మహాసామ్రాజ్యాలే కూలిపోయేవి. 1992లో రెండో కూర్పు అవతరించింది. ఇక నెలకొక అనుబంధం. నియమాలు చదవడంతోనే పొద్దు గడిచి, పాచికలు దుమ్ము పట్టాయి.

ఆయన మరదలు ప్రమోదిని ఆడే సేనాని వానాకాలం నుంచి ఒకే కోట గుమ్మం ముందు నిలబడి ఉంది. మర్నాడు ప్రమోదిని వరంగల్ హాస్టల్‌కు పోవాలి. పోయేలోగా కోట గెలవాలని ఆమె పంతం. అప్పుడే ఉపేందర్‌రావుగారు ‘కోట తలుపుల రకాలు’ అనే కొత్త అనుబంధంతో వేంచేశారు.

“బావా, నిలవడి నిలవడి నా గుర్రం ముసల్దైంది. జర ఆడనియ్యి.”

“గిది చదవకుంట తలుపెట్ల తీస్తవ్?”

ఆమె పాచికలు విసిరింది. రెండూ ఆరే పడ్డాయి. ఏ కూర్పు ప్రకారం చూసినా తలుపు తెరుచుకోక తప్పదు.

“లోపల ఎవలున్నరు బావా?”

ఉపేందర్‌రావుగారు పుస్తకమంతా తిరగేసి, మెల్లగా మూశారు.

“లోపలిది ఇంక రాయలే.”

“అంటే ఎవ్వలు లేరు. కోట నాదే,” అని ప్రమోదిని పెట్టె సర్దుకోవడానికి లేచింది.