నల్లచీర మీద పొడి

ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువునూ తలకిందులు చేసి చూసే మనిషితో కాపురమంటే ఏమిటో ఆయన భార్యను అడగాలి. కొత్త స్టూలు కొంటే చెవి ఆనించి తట్టి వింటాడు. చుట్టాలు పళ్ళబుట్ట పట్టుకొస్తే వాళ్ళకన్నా ముందు బుట్టను పలకరిస్తాడు. తామిద్దరూ మొదటిసారి కలిసిన రోజున కూడా తన ముఖం చూడలేదనీ, తను కూర్చున్న కుర్చీ కాళ్ళు చూశాడనీ ఆవిడ అభియోగం. కుర్చీ గట్టిదేనని ఆయన సమాధానం.

రేవులో ఆయనది తనిఖీ ఉద్యోగం. పరాయి దేశపు సరుకుతోపాటు ధాన్యంలోనో, పెట్టెల చెక్కల్లోనో దాక్కుని పురుగులు దిగకుండా చూడాలి. వీధిలో అందరికీ ఆయన పురుగులాయన.

ఆ పొద్దున కూడా టార్చీ, స్క్రూడ్రైవరు, భూతద్దం, మడతపెట్టిన నల్లకాగితం సంచీలో సర్దుకుంటుంటే వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"గోడా! సాయంత్రం కారు ఐదింటికొస్తుందని చెప్పు. వీలైతే రమ్మను. పురుగులు పిలిస్తే అటే పొమ్మను."

ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడి ఏళ్ళయింది. పాప పుట్టినప్పుడు సముద్రం అవతలున్న చిన్నకూతురి దగ్గర్నుంచి చెక్కిన ఉయ్యాల ఒకటి తెచ్చింది. కాన్పని ఆయన సెలవులో ఉన్న రోజే అది రేవు దాటింది. ఆయన దాన్ని తట్టాడు, రాలిన పొడి చూశాడు, మారు మాట లేకుండా తీసుకెళ్ళి ఆఫీసు కొలిమిలో కాల్చేశాడు. "చెక్కన్నాక పొడి రాలదా? నామీద కోపం ఉయ్యాల మీద చూపించాడు" అని ఆవిడ తేల్చేసింది. ఆనాటి నుంచి ఇద్దరికీ గోడే దిక్కు. ఆ పాప ఇప్పుడు తన జడ తనే వేసుకుంటోంది.

ఇవాళ ఆవిడ చిన్నకూతురి దగ్గరే ఉండిపోవడానికి వెళ్ళిపోతోంది. వెళ్ళేలోపు ఒక్క మాట, తిట్టయినా సరే, తన ముఖం చూసి అంటే బాగుండునని ఆయన ఆశ. ఆ సంగతి గోడకు కూడా చెప్పలేదు.

"వస్తానని చెప్పు గోడా" అని మాత్రం అన్నాడు.

షెడ్డులో మధ్యాహ్నం దాటాక చివరి కంటెయినరు తెరిచారు. రాతిపలకలు, వాటి కింద చెక్కబల్లలు. వేడిలో పెట్టి పురుగును చంపామని చెప్పే ముద్ర ప్రతి బల్ల మీదా ఉంది. సరుకు విడిపించే ఏజెంటు ఆయన ముందు వాచీ ఊపాడు.

"ముద్రలన్నీ ఉన్నాయి సార్. మీరూ ఇంటికి త్వరగా వెళ్ళాలన్నారుగా?"

"ముద్ర మనకోసం వేశారయ్యా. పురుగుకి చదువు రాదు."

మోకాళ్ళు పటపటమంటుంటే ఆయన చతికిలబడి, నల్లకాగితం పరిచి, స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ పోయాడు. చెక్క గట్టిగా పలికింది. మూలనున్న బల్ల దగ్గర మాత్రం చప్పుడు డొల్లగా వచ్చింది. కాగితం మీద ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తని పొడి రాలింది. గుండుసూది తలంత రంధ్రంలో మొన గుచ్చి పెళ్ళగిస్తే లోపల తెల్లని పురుగు ముడుచుకుని పడుకుని ఉంది, అద్దె కట్టిన మనిషంత ధీమాగా.

"ఒక్క బల్లే కదా సార్! పక్కన పారేసి, మిగతాది వదిలేద్దాం. మీ అత్తగారు వెళ్ళిపోతారు."

"పక్కన అంటే ఎక్కడయ్యా?"

ఆయన గేటు బయటి చెట్ల వైపు చూశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన పనిచేసిన ఊళ్ళో కూడా ఎవరో ఇలాగే ఒక బల్లను పక్కన పారేశారు. కొన్నేళ్ళకు ఒక వీధి పొడుగునా చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. ఆ తర్వాత అక్కడ పిల్లలు బడికి గొడుగులేసుకుని వెళ్ళేవాళ్ళు. పిట్టలు కరెంటు తీగల మీద కూర్చుని, ఎవరినో అడుగుదామన్నట్టు అటూ ఇటూ చూసేవి.

తలుపులు మూయించి, సీలు వేయించి, మందు పొగపెట్టేవాళ్ళు వచ్చేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. ఐదు ఎప్పుడో దాటిపోయింది.

ఇంటికొచ్చేసరికి కారు ఇంకా గుమ్మంలోనే ఉంది. డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. లోపల, తెరిచిన రేకుపెట్టె ముందు అత్తగారు కూర్చుని ఉంది. ఒళ్ళో పరిచిన నల్లచీర మీద, అరచేతిలో పట్టేంత చెక్కగుర్రం.

"ఉయ్యాలతోపాటు తెచ్చిందట" అంది భార్య చిన్నగా. "మీ కంటబడకుండా ఇన్నాళ్ళూ తెల్లగుడ్డలో చుట్టి దాచింది. ఇప్పుడు వెంట తీసుకెళ్దామని ఈ చీరలో చుట్టబోతే..."

గుర్రం కాళ్ళ చుట్టూ నల్లచీర మీద మెత్తని పొడి.

"గోడా" అంది అత్తగారు. ఈసారి గొంతులో ఆ జోరు లేదు. "ఇదేంటో చూసి చెప్పమను."

ఆయన భూతద్దం తీశాడు. గుర్రాన్ని చెవికి ఆనించుకున్నాడు. 

"లోపల పురుగు బతికే ఉందని చెప్పు గోడా. రేకుపెట్టె కాబట్టి ఇల్లు బతికింది."

గుర్రాన్ని గాజుసీసాలో వేసి మూత బిగించాడు. పొద్దున్నే కొలిమికి తీసుకెళ్ళాలి. చీర కూడా మడిచి పక్కన పెడుతుంటే భార్య నెత్తి కొట్టుకుంది. "చూశావా అమ్మా! నీ చీరను కూడా ఆపేశారు."

అత్తగారు పాపను దగ్గరికి తీసుకుని, జడ సవరించి, వెళ్ళి కారెక్కింది. ఆయన సామాను పెట్టి డిక్కీ మూశాడు. ఇంజను మోగింది. గోడలన్నీ ఇంట్లోనే ఉండిపోయాయి కనక ఇక మాట ఉండదనుకున్నాడు.

కారు అద్దం దిగింది.

"అల్లుడుగారూ!"

ఆయన ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

"మిమ్మల్నే. ఉయ్యాల విషయంలో తప్పు నాదే. మీరు నా మనవరాలి కోసమే కాల్చారు. నేనే అర్థం చేసుకోలేదు."

ఆయన నోరు తెరిచేలోపు కారు మలుపు తిరిగింది. కిటికీ గూట్లో, మూత బిగించిన సీసా లోపల, గుర్రం కాళ్ళ దగ్గర మళ్ళీ కాస్త పొడి రాలి ఉంది.